పొయ్యికి వెనకవైపు

నవంబరు 3, సోమవారం

"ఆ తుప్పు పొయ్యి ఇంకా ఉందా, ఈసారైనా తీసేశారా?"

ఫోనులో వదిన అడిగిన మొదటి మాట ఇది. "మా అక్క, మాట్లాడు" అని ఫోను నా చేతికిచ్చి ఆయన తప్పుకున్నారు. ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయి పదిరోజులైంది. ఉండేది మూడో అంతస్తు, మెట్లు ఎక్కలేదు. అందుకని వచ్చేవారం బుధవారం నుంచి మూడు వారాలు మా ఇంట్లో ఉంటానంది. ఉండనా అని అడగలేదు. ఉంటానని చెప్పింది. సరే, నడవలేని మనిషికి చోటు లేదనేంత రాతిగుండె కాదు నాది. కానీ బాగున్నావా అని ఒక్కమాట అడక్కుండా పొయ్యి క్షేమం కనుక్కోవడం ఏమిటి?

పోయిన చలికాలం వచ్చినప్పుడు పక్కింటివాళ్ళు వింటుండగా అంది: "పొయ్యిని చూస్తే చాలు, ఇల్లాలెలాంటిదో చెప్పొచ్చు." ఆ రోజు నేనేమీ అనలేదు. ఏడాదిగా ఆ మాటకు జవాబులు వెతుక్కుంటూనే ఉన్నాను. ఒక్కటీ ఆవిడ ఎదుట నోటికి రాదు.

ఈ ఇంటికి వెచ్చదనం ఇచ్చేది ముందు గదిలోని ఆ ఇనుప పొయ్యి ఒక్కటే. నా బైండింగు పనంతా దాని పక్కనే. అది వెలగకపోతే రిజిస్టర్లకు పూసిన జిగురు ఆరదు, సూది పట్టుకోవడానికి వేళ్ళు వంగవు. అలాంటి పొయ్యిని తీసి పారేయాలట.

ఆయనతో అంటే, "అక్కది నోరేగానీ మనసు మంచిది" అన్నారు. మనసు మంచిదైతే నాకేం ఒరిగింది? నాకు వినబడేది నోరే కదా.

రంగు వేస్తాను. బుధవారానికల్లా వేస్తాను.

నవంబరు 5, బుధవారం

రంగుల కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన పెద్దమనిషే, కానీ ఒకటి అడిగితే పది చెప్తాడు.

"మామూలు రంగు వేశారంటే మొదటి మంటకే పొక్కులు లేస్తుందమ్మా. ఇది వేడికి ఆగే రంగు. దీని కింద ప్రైమర్ కూడా వెయ్యకూడదు. తుప్పంతా పోయి అసలు ఇనుము కనబడేదాకా గీకండి."

"గీకుతాను."

"ముఖ్యంగా వెనకవైపు, గొట్టం వచ్చి కలిసే మెడ చూసుకోండి. తుప్పు ముందు తినేది అక్కడే. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. లోపలికి దిగిందంటే మాత్రం రంగు వెయ్యొద్దు, రేకు మార్చాల్సిందే. నాకు కబురు చెప్తే వెల్డింగాయన్ని పంపిస్తాను. ఆయనకి పని ఎక్కువ, ఓ వారం పడుతుందనుకోండి."

ఇరవై రెండేళ్ళుగా ఆ పొయ్యిని వెలిగిస్తున్నదాన్ని నేను. దాని మెడ ఎక్కడుందో ఈయన చెప్తాడు నాకు. డబ్బా, ఇనుప బ్రష్షు, నాలుగు ఉప్పు కాగితాలు తీసుకుని వచ్చేశాను.

నవంబరు 8, శనివారం

పొద్దున ఏడింటినుంచి గీకుతున్నాను. ముందు ఇనుప బ్రష్షు, తర్వాత ముతక ఉప్పు కాగితం, ఆ తర్వాత సన్నది. ఇటుకపొడిలాంటి తుప్పు పోగులు పోగులుగా రాలింది. ముక్కులో తుప్పు, జుట్టులో తుప్పు, మంచినీళ్ళు తాగితే నాలుకమీద ఇనుము రుచి. ఒకటి మాత్రం సంతోషం. పొయ్యి తలుపు మీద ఆకుల తీగ అచ్చు పోసి ఉందని ఇన్నేళ్ళలో నాకే తెలియదు. ఒక్కో ఆకునీ పాత పళ్ళ బ్రష్షుతో తోమి బయటికి తీశాను.

ఆయన టీ కప్పుతో వచ్చి నిలబడి, "తుప్పు బాగానే పోతోందే" అన్నారు.

తుప్పు పోవడం లేదండీ, నేను పోగొడుతున్నాను. పైకి అనలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను.

నవంబరు 9, ఆదివారం

వెనకవైపు కూడా అయింది. మెడ దగ్గర కాస్త సరిచేశాను. గోడవైపు ఎవరు చూడొచ్చారు?

నవంబరు 10, సోమవారం

పొద్దున ఒక కోటు, మధ్యాహ్నం రెండో కోటు. వెనకవైపు ఇంకో రెండు ఎక్కువే వేశాను.

నవంబరు 11, మంగళవారం

మొదటి మంట. కొట్టాయన చెప్పినట్టే కిటికీలూ తలుపులూ బార్లా తెరిచి, ముందు చితుకులతో చిన్న మంట, గంటాగి పెద్ద మంట. రంగు కాలి గట్టిపడేటప్పుడు పొగ లేచింది, కళ్ళు మండాయి, గొంతు పట్టుకుంది. సాయంత్రానికి అంతా పోయింది. చూస్తే కొత్త పలకలా నల్లగా, నున్నగా ఉంది. ఆకుల తీగ మీద వెలుగు పడితే నాకే ముచ్చటేసింది.

ఫొటో తీసి వదినకు పంపాను. గంట తర్వాత జవాబొచ్చింది. "గొట్టం మార్చలేదా?"

ఈవిడకి పెళ్ళికూతుర్ని చూపిస్తే చెప్పులు కొత్తవేనా అని అడుగుతుంది.

నవంబరు 12, బుధవారం

వచ్చింది. చేతికర్ర, రెండు పెట్టెలు, మందుల సంచి. మెట్లు లేవని ముందు గదిలోనే మంచం వేశాం. కూర్చుంటూనే పొయ్యి వంక చూసింది.

"బాగుంది. నువ్వే వేశావా?"

"నేనే వేశాను వదినా."

"కాలి దగ్గర ఓ చుక్క వదిలేశావు."

వంగి చూశాను. గోరంత. నిజమే, వదిలేశాను. మోకాలు వంగని మనిషికి అదెలా కనబడిందో మరి. ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఈవిడ విషయంలో అర్ధం అన్నది తక్కువ లెక్క.

నవంబరు 14, శుక్రవారం

కిటికీ గొడవ మొదలైంది. వదినకి తల బరువుగా ఉందట, కిటికీ తియ్యమంటుంది. బయట వేళ్ళు కొంకర్లు పోయే చలి. ఎండబెట్టిన కట్టెలు లెక్కగా ఉన్నాయి, వెచ్చదనమంతా వీధిపాలు చేస్తే ఎలా? రంగు వాసన అంటుంది. మూడురోజుల కిందటే పోయిన వాసన.

నవంబరు 16, ఆదివారం

నేను మూయడం, ఆవిడ తీయడం. ఇవాళ ఆరుసార్లు. మంచం దిగనక్కర్లేదు, చేతికర్ర చాపి దాని కొనతో గడియ లేపేస్తుంది. పని పూర్తయ్యాక నావైపు చూడదు, చాలా మర్యాదగా పైకప్పు చూస్తుంది.

ఆయన సెలవురోజు కదా, ఇంట్లోనే ఉన్నారు. ఇద్దరి మధ్యా పడలేక బజారుకెళ్ళి కూరగాయలు తెచ్చారు, మళ్ళీ వెళ్ళి ఉప్పు తెచ్చారు, మళ్ళీ వెళ్ళి ఏమీ తేకుండా వచ్చారు.

నవంబరు 17, సోమవారం

నాకూ తలనొప్పి. ఆ మాటలు వింటే రాయికైనా వస్తుంది.

నవంబరు 19, బుధవారం

ఇవాళ ఆవిడ కుర్చీ వరండాలోకి లాక్కుని, దుప్పటి కప్పుకుని, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడేలా కూర్చుంది. చూసినవాళ్ళు ఏమనుకుంటారు? ఆపరేషనైన ఆడపడుచుని చలిలో బయట కూర్చోబెట్టిన మహాతల్లిని నేను. పక్కింటి డ్రైవరు భార్య అడగనే అడిగింది, "ఏంటండీ, లోపల చోటు లేదా?" అని. తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం ఆయన డ్యూటీ అయి డిపో నుంచి రాగానే మొదలుపెట్టింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆ పొయ్యిలో ఏదో ఉందిరా. పక్కన పడుకుంటే తల పగిలిపోతోంది, కడుపులో తిప్పుతోంది. బయట కూర్చుంటే గంటలో పోతోంది. రాత్రి నిప్పు ఆర్పేశాక హాయిగా ఉంటోంది. ఎవరినైనా పిలిపించి చూపించు."

ఆయన నావైపు తిరిగారు. "వెనకాల ఏమైనా ఉందా? నువ్వు గీకావు కదా."

"ఏమీ లేదు."

"ఓసారి పొయ్యి ముందుకి జరిపి చూద్దామా?"

"ఏమీ లేదని చెప్తున్నాను కదా. రెండు రోజులు చేతులు పగిలేలా తోమింది నేను. నాకు తెలియదా? నా పని బాగాలేదని ఎలాగైనా అనాలి, అందుకే ఇదంతా."

ఆయన చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపే.

నవంబరు 20, గురువారం

ఏమీ లేదు. నేను చూశాను.

నవంబరు 23, ఆదివారం

రెండు రోజులు రాయలేదు. ఆసుపత్రి బల్లమీద కూర్చుని రాస్తున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ముప్ఫై రిజిస్టర్లు ప్రెస్సుకి అప్పజెప్పాల్సి ఉంది. వెళ్ళేముందు పొయ్యి నిండా కట్టెలు పెట్టాను. నేను వచ్చేదాకా నిలవాలని గొట్టంలోని బిళ్ళ తిప్పి మంట బాగా తగ్గించాను. కిటికీ మూశాను. గడియకు దారం కట్టాను కూడా, కర్రతో లేవకుండా. అదీ రాయాలి.

వదిన మగతగా ఉంది. "కిటికీ..." అంది.

"వచ్చాక తీస్తాను" అన్నాను.

ప్రెస్సులో మేనేజరు లేడని కూర్చోబెట్టారు. తిరిగొచ్చేసరికి మూడైంది. పెరటి తలుపు నుంచి వంటింట్లోకి వెళ్ళాను. ముందు గదిలోకి తొంగిచూస్తే అటు తిరిగి పడుకుని ఉంది. అలిగి పడుకుందనుకున్నాను. అలకైతే నాకూ వచ్చు అనుకుని గిన్నెలు చప్పుడు చేస్తూ సర్దాను. టీ పెట్టాను. నీళ్ళు మరిగేంతసేపు, పాలు పొంగేంతసేపు ఆవిడతో అనాల్సిన మాటలు కూర్చుకుంటూ నిలబడ్డాను. పది నిమిషాలు ఉంటుంది.

కప్పు పట్టుకుని వెళ్తే కర్ర కింద పడుంది. చెయ్యి కిటికీవైపు వేలాడుతోంది. దిండు మీద వాంతి. మొహం ఎర్రగా కందిపోయి ఉంది, చలిలో నడిచొచ్చిన పిల్లల బుగ్గల్లాగా. పిలిచాను. కదిపాను. పలకలేదు.

కప్పు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. దుప్పటితో సహా మంచం మీంచి దించి, దుప్పటి పట్టి వరండాలోకి ఈడ్చాను. ఆపరేషనైన కాలు గడపకు తగిలింది. నా కాళ్ళూ తేలిపోతున్నాయి. అరిచాను. పక్కింటి డ్రైవరు పరుగెత్తుకొచ్చి తన బండిలో వేసుకున్నాడు. దారిపొడవునా ఆవిడ తల నా ఒళ్ళో ఉంది. ఆవిడ జుట్టు ఇంత పలచబడిందని నేనెప్పుడూ చూడలేదు.

డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంట్లో ఏం కాలుతోంది?"

ఆక్సిజన్ పెట్టారు. ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. మంట సన్నగిల్లినప్పుడు గొట్టం పొగని పైకి లాగదట. ఎక్కడైనా కంత ఉంటే లోపలి విషపు గాలి గదిలోకి వచ్చేస్తుందట. దానికి రంగుండదు, వాసనుండదు, మనిషికి నిద్రొస్తున్నట్టే ఉంటుందట.

నిన్న సాయంత్రం కళ్ళు తెరిచింది. నన్ను చూసి పెదాలు కదిపింది. వంగి విన్నాను.

"కిటికీ తీశావా?"

నవంబరు 24, సోమవారం

ఆయన్ని ఇంత కోపంగా ఎన్నడూ చూడలేదు. అంతా ఆ రంగు వల్లేనంటున్నారు. పొద్దున్నే కొట్టుకు వెళ్ళి, కొనడానికి వచ్చినవాళ్ళందరి ముందూ విషం అమ్ముతున్నావని కేకలేశారట. "కొట్టు మూయించకపోతే చూడు" అని వచ్చారట. మనిషి కోపంలో ఉన్నప్పుడు ఎంత నిజాయితీగా కనిపిస్తాడో.

మధ్యాహ్నం కొట్టాయనే ఆసుపత్రికి వచ్చాడు. చొక్కా మీద రంగు మరకలతోనే వచ్చాడు.

"అమ్మా, మీరే చెప్పండి. వెనక మెడ చూసుకోమన్నానా లేదా? పొడిచి చూసి, దిగితే రంగు వెయ్యొద్దన్నానా లేదా? ముప్ఫై ఏళ్ళుగా ఉన్న కొట్టమ్మా నాది. ఆ ముక్క చెప్పకుండా ఎవరికీ డబ్బా ఇవ్వను."

ఆయన నావైపు చూశారు. కొట్టాయనా చూశాడు.

నాకు గుర్తులేదన్నాను.

"గుర్తు చేసుకోండమ్మా. బుధవారం. వెల్డింగాయన్ని పంపిస్తానన్నాను."

నాకు గుర్తులేదన్నాను.

కొట్టాయన నన్ను చూసిన చూపు మారింది. మా ఆయన "ఇంక వెళ్ళు" అంటే తలవంచుకుని వెళ్ళిపోయాడు. నేను చేసిన పాపానికి అతను తలవంచుకున్నాడు.

నవంబరు 25, మంగళవారం

తొమ్మిదో తారీఖున ఈ పుస్తకంలో ఒకటిన్నర లైను రాశాను. జరిగింది ఇది.

మెడ కింద స్క్రూడ్రైవరుతో పొడిచాను. నొక్కకుండానే దిగింది. తీస్తే శనగగింజంత కంత. పక్కన ఇంకొకటి, దానికన్నా చిన్నది. చుట్టూ రేకు పాత అట్టలా మెత్తగా ఉంది. వెల్డింగాయనకి వారం పడుతుంది. వదిన వచ్చేది బుధవారం. పొయ్యి విప్పి పడేసి, గది చల్లగా ఉండి, ఆవిడ గుమ్మంలోకి వచ్చి ఆ ఖాళీ చూసి ఏమంటుందో నాకు చెవుల్లో వినబడింది. అనని మాటకు కోపం వచ్చింది నాకు.

బూడిదలో నా బైండింగు జిగురు కలిపి ముద్ద చేసి కంతల్లో మెత్తాను. ఆరాక ఉప్పు కాగితంతో నున్నగా రుద్దాను. పైన నాలుగు కోట్లు వేశాను. చాలా బాగా కుదిరింది. చిరిగిన పుస్తకం వీపు అతికించినట్టే, చూస్తే నాకే తెలియలేదు. జిగురు నిప్పుకు ఎన్నాళ్ళాగుతుంది? ఇరవై రెండేళ్ళుగా జిగురుతో బతుకుతున్నదాన్ని, నాకు తెలియదా? తెలుసు.

ఆవిడ తల నొప్పన్న మొదటిరోజే తెలుసు. తెలిసి కిటికీ మూశాను. కిటికీ తెరిస్తే ఒప్పుకున్నట్టవుతుంది కదా.

నవంబరు 27, గురువారం

చెప్పాను. ఆయన డ్యూటీకి వెళ్ళాక, వదిన దిండుకు ఆనుకుని కూర్చుని ఉంటే చెప్పాను. కంత నుంచి దారం దాకా అన్నీ చెప్పాను.

ఆవిడ తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"దారం కట్టావా?" అంది చివరికి.

"కట్టాను."

"లేపుదామని ఎంతసేపు చూశానో. నా చేతిలో బలం పోయిందనుకున్నాను." గడియ లేపుతున్నట్టు చెయ్యెత్తి దించింది. "చచ్చిపోతున్నాననుకున్నానే. నువ్వేమో ముడి వేసి వెళ్ళావు."

ఇంత జరిగినా ఆవిడ నన్ను తిట్టకపోతే ఎలా భరించాలా అని భయపడ్డాను. ఆ భయం అక్కర్లేకపోయింది. తిట్టింది. నీరసంతో ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ తిట్టింది. పక్క మంచం ఆవిడ అటు తిరిగి పడుకుంది. అన్నీ విన్నాను. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు, వెతకనూ లేదు.

అలిసిపోయాక అడిగింది. "వాడికి చెప్పావా?"

"లేదు. పడిపోయింది మీరు. ముందు మీకే చెప్పాలనిపించింది."

"ఆ కొట్టతనికి?"

తల అడ్డంగా ఊపాను.

"అతన్ని మా వాడు పదిమందిలో అన్నాడు. నువ్వూ పదిమందిలోనే చెప్పాలి." కళ్ళు మూసుకుంది. "నా ఎదురుగా కూర్చోకు ఇవాళ. వెళ్ళు."

నవంబరు 28, శుక్రవారం

ఆయనకి చెప్పాను. వింటూ వింటూ మంచం అంచున కూర్చుండిపోయారు. అరుస్తారనుకున్నాను, అరవలేదు. "నేను అడిగాను కదా, వెనకాల ఏమైనా ఉందా అని" అన్నారు. అంతే అన్నారు. తర్వాత చొక్కా వేసుకుని, "పద" అన్నారు.

కొట్టులో నలుగురున్నారు. కొట్టాయన ఎవరికో రంగు కలుపుతున్నాడు. నేను గట్టిగానే చెప్పాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీరు చెప్పారు. మెడ చూసుకోమన్నారు, కంత ఉంటే రంగు వెయ్యొద్దన్నారు. నాకు గుర్తుంది. ఆసుపత్రిలో కూడా గుర్తుంది. అబద్ధం చెప్పాను. తప్పు మీ రంగుది కాదు, నాది."

ఆయన చేతులు జోడించారు. "నేనన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నానండి" అన్నారు.

కొట్టాయన కలుపుతున్న కర్ర ఆపలేదు. "మాటలు డబ్బాలు కావు బాబూ, వెనక్కి తీసుకోవడానికి" అన్నాడు. అందరూ నిలబడి చూస్తున్నారు. మేమూ నిలబడ్డాం. రంగు కలవడం పూర్తయింది, మూత బిగించాడు, ఆ మనిషికి ఇచ్చి పంపాడు. అప్పుడు నావైపు చూశాడు.

"ఆవిడ లేచి కూర్చుంటున్నారా?"

"కూర్చుంటున్నారు."

"ఊఁ" అని తర్వాత వచ్చినవాళ్ళకు ఏం కావాలో అడిగాడు.

నవంబరు 30, ఆదివారం

వదినని ఆసుపత్రి నుంచి డిశ్చార్జి చేశారు. ఆయన ఎవరో స్నేహితుడి ఇంట్లో కింద గది మాట్లాడారు. ఆవిడ ఒప్పుకోలేదు.

"నీ ఇల్లు లేదట్రా నాకు?"

"అది కాదక్కా, నీకు మళ్ళీ అక్కడ..."

"పొయ్యి తీసేశారు కదా. ఇంకేం భయం? దీనితో నేను మాట్లాడాల్సింది ఇంకా చాలా ఉంది."

'దీనితో' అంటే నాతో. వచ్చింది. నిన్న వెల్డింగాయన పొయ్యిని బండిమీద వేసుకుని తీసుకెళ్ళాడు, బాగవుతుందో లేదో విప్పితేగానీ చెప్పలేనన్నాడు. ముందు గది ఐసుగడ్డలా ఉంది. కిటికీ మాత్రం పగలంతా తెరిచే ఉంటోంది. నేనే తీశాను. చలికి పళ్ళు టకటకలాడుతున్నా ఎవరం మూయలేదు.

డిసెంబరు 2, మంగళవారం

జిగురు ఆరడం లేదు. ప్రెస్సువాళ్ళు తొందర పెడుతున్నారు. ఆరేదాకా కుట్టు పనైనా ముగిద్దామని ఇద్దరం చెరో దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. నేను కాగితాల కట్టలు కుడుతుంటే ఆవిడ చూస్తోంది. చూస్తుంటే నా వీపు బిగుసుకుంటుంది, అది ఇంకా పోలేదు. ఆవిడ నన్ను క్షమించలేదు. క్షమించానని అననూ లేదు. పొద్దున కాఫీ ఇస్తే, తాగేముందు కప్పులోకి ఓ క్షణం చూసింది. చూడనీ.

కాసేపటికి అంది, "దారం వదులుగా లాగుతున్నావు. నాలుగురోజులకే ఊడొస్తుంది."

మామూలుగా అయితే పెదవి కొరుక్కుని, ఇక్కడికొచ్చి రెండు పేజీలు రాసేదాన్ని.

"బిగువుగా లాగితే కాగితం తెగుతుంది వదినా. పనిచేసేది నేను. మీకు రాని పని గురించి మాట్లాడకండి" అన్నాను.

గదిలో చలి ఇంకాస్త పెరిగినట్టయింది. సూదిలో దారం ఎక్కించి ఉన్న రెండో కట్ట వైపు ఆవిడ చెయ్యి చాపింది.

"అయితే నేర్పించు. ఇలా ఇవ్వు."

ఇచ్చాను. మూడు కుట్లు వేసి, ఎత్తి చూపించింది.

"వంకరగా ఉంది" అన్నాను.